మాట నుంచి స్వరానికి: ముఖాముఖి సంగీత నాటకంలో ప్రయోగ రంగస్థల వారసత్వం

సామాన్యుల మాటలను టేపు చేసి, ఆ మాటలనే పాటలుగా మలిచే సంగీత నాటకాన్ని యథాతథ నాటకానికి ఒక ఉపశాఖగా పరిగణించడం వాడుక. ఈ వర్గీకరణ అసమగ్రమని నా అభిప్రాయం. ప్రయోగ రంగస్థల చరిత్ర ఈ నాటకాల్లో ఇతివృత్తంగా కనిపించకపోయినా నిర్మాణ పద్ధతిలో నిక్షిప్తమై ఉంది. ‘ఎ కోరస్ లైన్’ (1975), ‘లండన్ రోడ్’ (2011) నాటకాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ చరిత్ర ఎక్కడ నిలిచిందో, ఎక్కడ జారిపోయిందో తెలుస్తుంది.

1974 జనవరిలో న్యూయార్క్‌లో కొందరు నర్తకులు ఒక రాత్రంతా కూర్చుని తమ బాల్యాన్ని, వృత్తిలోని అవమానాలను చెప్పుకున్నారు. మైకేల్ బెన్నెట్ సమక్షంలో ఆ మాటలు టేపుల్లోకి ఎక్కాయి. ఆ సామగ్రి జోసెఫ్ పాప్ నడిపిన పబ్లిక్ థియేటర్‌లో నెలల తరబడి వర్క్‌షాపులో నాటకంగా రూపొందింది. పూర్తి రచన చేతిలో లేకుండా నటుల అనుభవం నుంచే నాటకాన్ని పుట్టించే ఈ పద్ధతి బ్రాడ్‌వే సొంతం కాదు. 1960లలో జోసెఫ్ చైకిన్ ‘ఓపెన్ థియేటర్’ వంటి బృందాలు సాధన చేసినది అదే. ప్రయోగశాల పద్ధతి వాణిజ్య రంగస్థలానికి చేరి, బ్రాడ్‌వేలో 6,137 ప్రదర్శనలు పొందింది. 1976లో పులిట్జర్ బహుమతినీ తెచ్చింది.

అయితే చేరే దారిలో టేపు వినబడకుండా పోయింది. ఎడ్వర్డ్ క్లెబాన్ గీతాల్లో, మార్విన్ హామ్లిష్ బాణీల్లో నర్తకుల తడబాటు చక్కని ప్రాసగా కుదురుకుంది. నాటకంలో అత్యంత బలమైన ఘట్టం పాల్ పాత్ర ఆత్మకథనం. రచయితలలో ఒకరైన నికొలస్ డాంటే సొంత జీవితమే దానికి ఆధారం. గమనించవలసినదేమంటే, అది పాట కాదు, వచనం. సంగీత నాటకం తన ప్రాణప్రదమైన సాక్ష్యాన్ని సంగీతానికి అప్పగించడానికి జంకింది. పైగా తమ కథల మీది హక్కులను నర్తకులు ఒక్క డాలరుకు వదులుకున్నారు. తర్వాత ఆదాయంలో కొంత వాటా ఏర్పాటైనా, ఎవరి గొంతు ఎవరి సొత్తు అన్న వివాదం దశాబ్దాలు నడిచింది.

‘లండన్ రోడ్’ సరిగ్గా ఆ జంకును వదిలించుకుంది. 2006 చివరలో ఇంగ్లండులోని ఇప్స్విచ్‌లో ఐదుగురు స్త్రీలు హత్యకు గురయ్యారు. వారంతా వీధుల్లో వ్యభిచార వృత్తిలో ఉన్నవారు. హంతకుడు నివసించిన వీధి వాసులతో అలెకీ బ్లైత్ మాట్లాడింది. నటులు చెవుల్లో ధ్వనిముద్రణ వింటూ ప్రతి ఊపిరినీ, సాగదీతనూ అనుకరించడం ఆమె పద్ధతి. దాని మూలాలు అమెరికాలో అన్నా డెవియర్ స్మిత్ కృషిలో ఉన్నాయి. స్వరకర్త ఆడమ్ కోర్క్ ఆ మాటల సహజమైన ఎత్తుపల్లాలనే స్వరాలుగా రాశాడు. మన పద్యనాటకంలో రాగం మాటను దాటి ముందుకు పోతుంది. చప్పట్లు పడేది కూడా అక్కడే. ఇక్కడ రాగం మాట వెనకే నడుస్తుంది. ‘ఊఁ’, ‘అంటే’ వంటి పూరకాలు సైతం పల్లవిగా తిరిగి తిరిగి వస్తాయి.

ఈ విశ్వసనీయతే నాటకాన్ని ఇరకాటంలో పెడుతుంది. వీధివాసులు పూలతోటల పోటీ పెట్టుకుని తేరుకుంటారు. ఆ ఆనందం నిజమే. కానీ వారిలో ఒక స్త్రీ హంతకుడికి కృతజ్ఞత చెప్పాలని ఉందంటుంది. బృందగానపు మాధుర్యంలో తలూపుతున్న ప్రేక్షకుడు ఆ మాట దగ్గర ఉలిక్కిపడాలి. పడతాడా అన్నది ప్రదర్శన మీద ఆధారపడి ఉంటుంది. బృందగానం సమాజాన్ని ఏకం చేస్తుందన్న నమ్మకాన్ని ఈ నాటకం వాడుకుంటూనే శంకిస్తుంది. దీని గొప్పతనం అక్కడే ఉంది.

లోపమూ అక్కడే ఉంది. ఆ వృత్తిలోని ముగ్గురు స్త్రీలకు ఒక పాట దక్కింది. అందులో మాటల నడుమ దీర్ఘమైన మౌనాలు ఉన్నాయి. మొత్తం స్వరరచనలో నాకు అన్నిటికన్నా సత్యంగా తోచినవి ఆ మౌనాలే. హతులైన ఐదుగురికి మాత్రం టేపు లేదు. ముఖాముఖి మీద ఆధారపడిన రూపం బతికున్నవారి మాటనే వినగలదు. వీధివాసులకు నాటకమంతా దక్కి, ఆ స్త్రీలకు ఒక్క పాట దక్కడంలో రూపానికి ఉన్న ఈ పరిమితితో పాటు రచయితల ఎంపిక కూడా ఉంది.