కన్నబిరానుగారి న్యాయవాదము

ప్లీడరుల జీవితకథలు మనకు క్రొత్త గావు. వానిలో గెలిచిన దావాల లెక్కయు, కడపట చేసిన దానధర్మములును తరచుగా కనబడును. కె. జి. కన్నబిరానుగారి ఆత్మకథ '24 గంటలు' ఆ కోవలోనిది కాదు. పేరు చూడగనే రాజ్యాంగములోని 22వ అధికరణము స్ఫురించును: పట్టుబడినవానిని 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. ఆ గడువు పాటింపబడెనా మనుష్యుడు బ్రదుకును. లేదా అడవిలో శవమై దొరకును. ఇది మన తెలుగుదేశము అనుభవించి నేర్చిన పాఠము.

1975 జూలైలో, అత్యవసర పరిస్థితి ప్రకటింపబడిన నెల దినములకు, మెదకు జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసుల తుపాకులకు బలియైరి. ఎదురుకాల్పులని అధికారులు చెప్పిరి. 1977లో జయప్రకాశ నారాయణగారు ఏర్పరచిన తార్కుండే సంఘమునకు కన్నబిరానుగారు కార్యదర్శి. మన కాళోజీగారును అందొక సభ్యులు. ఆ యువకులను పట్టి తెచ్చి చెట్లకు కట్టి కాల్చిరని సంఘము తేల్చినది. పిమ్మట భార్గవ కమిషను ఎదుట బాధితుల పక్షమున నిలిచినదియు ఆయనయే. ఆ విచారణ కడముట్టనే లేదు.

అయినను వాదము చావలేదు. ఆత్మరక్షణ మనునది న్యాయస్థానములో రుజువు చేయవలసిన విషయమే గాని ఠాణాలో వ్రాసికొను తీర్పు కాదు: పౌరహక్కుల సంఘము పట్టుబట్టినది ఇంతమాత్రమునకే. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దీనిని అంగీకరించినది. మరుసటి నెలలో సుప్రీముకోర్టు ఆ తీర్పును నిలుపుచేసినది. కన్నబిరానుగారు 2010 డిసెంబరులో గతించిరి. ఎదురుకాల్పుల దర్యాప్తునకు సుప్రీముకోర్టు నియమములు విధించినది 2014లోనే.

ఇక నా ఆక్షేపణ. చట్టమునకు బద్ధుడనని ప్రమాణము చేసిన ప్రభుత్వము చట్టమును మీరుట వేరుజాతి అపరాధమన్న వాదము న్యాయవాదికి చాలును, నేనును ఒప్పుదును. కాని ఇన్ఫార్మరని ముద్రవేసి విప్లవకారులు చంపిన పల్లెటూరివాని భార్యకు ఆ భేదము ఏమని చెప్పుదుము? ఈ ప్రశ్నను వదలక అడిగినవారు బాలగోపాలుగారు. గణితము విడిచి హక్కుల పనిలోనికి వచ్చిన ఆయన, దీనికొరకే పాత సహచరులతో తెగి, 1998లో మానవహక్కుల వేదికను స్థాపించినవారిలో ఒకరైరి. కన్నబిరానుగారు దీనిని ఎరుగక పోలేదు; శంకరన్ గారి పౌరస్పందన సంఘములో చేరి, ఉభయపక్షములను హింస మానుడని కోరినవారిలో తామును ఒకరు. అయినను ఆయన వాదపు పదును ప్రభుత్వముపై ప్రయోగింపబడినంతగా రెండవ దిక్కునకు తిరుగలేదని నా తలంపు. బాలగోపాలుగారి వ్యాసములను ప్రక్కన బెట్టుకొని '24 గంటలు' చదువువారు ఈ తలంపు తప్పో ఒప్పో తామే తేల్చుకొందురు గాక.