‘లేదు’ అనే ముందు

గ్రంథాలయ శాస్త్రం చదివే రోజుల్లో నేను చేసిన మొదటి తప్పు, ఒక తాతకు చెప్పిన ‘లేదు’. గద్వాల దగ్గర ఒక చిన్న గ్రంథాలయంలో ప్రాక్టికల్స్ చేస్తున్నాను. ‘‘బిడ్డా, సురవరం బుక్కు గావాలె, ఆంధ్రుల సాంఘిక చరిత్ర’’ అంటూ వచ్చాడాయన. కార్డుల సొరుగు లాగి ‘సు’ దగ్గర వెతికాను. ‘‘లేదు తాతా’’ అన్నాను. ఆ మాట ఆయనకు అలవాటే కాబోలు, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

వారం తర్వాత బీరువా సర్దుతుంటే పుస్తకం చేతికి తగిలింది. కార్డు కూడా ఉంది, ‘రె’ దగ్గర. ‘రెడ్డి, సురవరం ప్రతాప’ అని రాసింది నేనే! ఇంగ్లిష్ నమూనా ముందు పెట్టుకుని, ఒకే ఊపులో ముప్పై కార్డులు రాసిన రోజు పని అది. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది, తిప్పే పనే లేదు. పాలమూరులో పుట్టిన నాకు ఆ సంగతి తెలియక కాదు. పాఠం ఎదురుగా ఉంటే ఒక్కోసారి ఇంటి తెలివి అటకెక్కుతుంది.

ఆదివారం క్లాసులకు గద్వాలలో మహబూబ్‌నగర్ రైలెక్కేవాణ్ణి. వనపర్తి రోడ్‌లో ఇంకో ఇద్దరు ఎక్కేవారు. నాగర్‌కర్నూల్ మిత్రురాలు బస్సులో వచ్చి కలిసేది. పుస్తకాల వర్గీకరణకు వాడే డ్యూయీ అంకెలు ఎక్కాల్లా వల్లెవేసేవాళ్లం. తెలుగు సాహిత్యం 894.827, పక్కన 1 చేరిస్తే కవిత్వం. సాంఘిక చరిత్ర దగ్గరికొస్తే తగువే. ఆంధ్ర చరిత్ర, 954.84 అని నేను. ‘‘ఇందులో రాజులకన్నా జనం తిండీ బట్టా ఆటలే ఎక్కువ కదా, సమాజ శాస్త్రంలో పెట్టు’’ అని ఆమె. పుస్తకం ఉండేది ఒకే అరలో. వెతికే దారులు మాత్రం ఎన్నో. అందుకే ఒక పుస్తకానికి అన్ని కార్డులు.

గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కట్టేది ఆ తాతలాంటి వాళ్లే. అంటే, సొంతదారుకే అతని వస్తువు లేదని చెప్పి పంపానన్నమాట.

ఆ పుస్తకం సురవరం వారిది కావడం నన్ను ఇంకా గుచ్చింది. ఆయనది ఈ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడే. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే ఆయన పనితో జవాబిచ్చారు. ఊరూరా ఉత్తరాలతో కూడగట్టి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. నా కంటికి అదీ ఒక కేటలాగే. కవులు ఎప్పుడూ ఉన్నారు, వాళ్లకు కార్డులే లేవు.

పుస్తకం దొరికిన రోజే కొత్త కార్డు ‘సు’లో పెట్టాను. ‘ప్ర’ దగ్గర ఇంకొకటి: ‘ప్రతాపరెడ్డి, సురవరం: సురవరం ప్రతాపరెడ్డి చూడుము.’

తాత మళ్లీ పేపరు చదవడానికొచ్చినప్పుడు పుస్తకం చేతిలో పెట్టాను.

‘‘ఆనాడు లేదంటివి కద బిడ్డా?’’

‘‘ఉండె తాతా. నేనే సూడలే.’’