పేరు రాయక్కర్లేని కాగితం

మార్చి వచ్చినా అరకు కొండల మీద పొద్దున పూట చలి వదలదు. పదో తరగతి పరీక్ష 9.30కి మొదలై 12.45కి ముగుస్తుంది. ఆశ్రమ పాఠశాల పిల్లలు అంతకు చాలా ముందే సెంటర్ గేటు దగ్గరకు చేరుకుంటారు. చేతిలో అట్ట, దాని క్లిప్పు కింద హాల్ టికెట్. ఐదు నిమిషాలకోసారి అది ఉందో లేదో తడిమి చూసుకుంటారు. రాత్రి గడగడా అప్పజెప్పిన పాఠం గేటు దగ్గర మొదటి వాక్యం దాటి రాదు.

ఈ భయం విశాఖలోనూ ఉంది, విజయవాడలోనూ ఉంది. ఈ కాలమ్ రాసే మనిషికి తల నెరిశాక కూడా లెక్కల పరీక్షకు ఆలస్యమైనట్టు కలొస్తుంది. కొండ మీద మాత్రం దానికి ఇంకో పొర ఉంటుంది. అరకు లోయలో కోదు కుటుంబంలో పుట్టిన పిల్ల ఇంట్లో కువి మాట్లాడుతుంది. శుక్రవారం సంతలో ఆదివాసీ ఒడియా, బళ్లో తెలుగు, ఆపైన ఇంగ్లీషు, హిందీ. హిందీలో 20 మార్కులొస్తే పాసు, మిగతావాటికి 35 కావాలి. ప్రశ్నలో ఒక్క మాట తెలియక ఆగిపోయినప్పుడు, ఆ మాట తనకు పరాయి భాషలో ఉందన్న సంగతి ఆ పిల్లకు తట్టదు. తనకే తెలివి లేదనుకుంటుంది.

ఈ అనుమానం ఎక్కణ్నుంచి వస్తుంది? కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల అబ్బాయిల చేత చిక్కుదారి బొమ్మలు విప్పించారు. అగ్రకులాల వాళ్లు 321 మంది, కింది కులాల వాళ్లు 321 మంది. బొమ్మకో రూపాయి. కులం మాట ఎత్తనంతసేపూ రెండు వర్గాలూ సమానంగా విప్పాయి. పిల్లలందరి ముందూ ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం చదివి వినిపించాక కింది కులాల పిల్లల లెక్క పడిపోయింది. 2004లో బయటికొచ్చిన అధ్యయనం ఇది. ఆ కాసేపట్లో వాళ్ల తెలివేమీ తగ్గిపోలేదు కదా! కొండల మీద ఈ ప్రయోగం చేసినట్టు లేదు గానీ, ‘ఏజెన్సీ పిల్లలా?’ అని ఎవరైనా అడిగే తీరు విన్నవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

చదివే పద్ధతి కూడా అనుమానాన్ని పెంచుతుంది. స్టడీ అవర్‌లో ఒకే పేజీని పదిసార్లు వల్లె వేస్తే అది వచ్చేసినట్టే ఉంటుంది. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు 2006లో చేసిన ప్రయోగంలో మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత బాగానే గుర్తుంది. వారం గడిచేసరికి, పుస్తకం మూసి గుర్తున్నది రాసుకున్నవాళ్లు ముందుకెళ్లారు. పరీక్ష ఐదు నిమిషాల్లో రాదు. మూసిన పుస్తకం ముందు పది రాత్రులు తడబడ్డ పిల్లకు హాల్లో తడబాటు కొత్తకాదు.

రెండో సాధన ఇంకా చవక. 2011లో రమిరెజ్, బైలాక్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలో తొమ్మిదో తరగతి పిల్లలకు పరీక్ష ముందు పది నిమిషాలిచ్చి, తమ భయాన్ని కాగితం మీద పెట్టమన్నారు. బాగా భయపడేవాళ్లకు మార్కులు పెరిగాయి. తర్వాత వేరేవాళ్లు చేసి చూసినప్పుడు అంత ఫలితం రాలేదు కూడా. అందుకని దీన్ని మంత్రంలా నమ్మకూడదు. రాత్రుళ్లు నిద్రే పట్టనంత బెంగ ఉంటే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, ఫోన్ చేయడం మేలు. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన ఊళ్లలో ఆ ఫోన్ వార్డెన్ చేతిలో ఉండాలి.

అయినా పది నిమిషాలు, ఒక తెల్ల కాగితం. పోయేదేముంది? ఏ భాషలో రాయాలంటారా? ఉమ్మడి రాష్ట్రంలో 2000ల తొలి దశకంలో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తెచ్చారు. లిపి తెలుగే. పదో తరగతికి వచ్చేసరికి ఆ భాష జవాబు పత్రంలోకి రాదు. ఈ కాగితం మీదికి మాత్రం రావచ్చు. అమ్మతో మాట్లాడే మాటల్లోనే, తెలుగు అక్షరాల్లో, ఏ లెక్క రావడం లేదో, ఇంటికెళ్తే నాన్న ఏమంటాడో రాసుకోవచ్చు. దాన్ని దిద్దేవాళ్లు లేరు. పేరు, ఊరు, హాల్ టికెట్ నంబరు వేయక్కర్లేదు. గంట కొట్టేలోపు చింపి గేటు పక్క తుప్పల్లో పారేసి, అట్ట పట్టుకుని లోపలికి పోవచ్చు.