మిషను కుట్టని చోటు

క్రిస్మస్ దగ్గర పడుతుంటే గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. అవి వీధి కోసం. ఇంట్లో చెట్టుకి కట్టే చిన్న నక్షత్రాలు, గంటలు, పావురాలు మాత్రం చాలా ఇళ్లలో ప్లాస్టిక్‌వే. మరుసటి ఏడు డబ్బా తెరిస్తే వాటి మెరుపంతా రాలి అడుగున ఉంటుంది. గుడ్డతో కుట్టి దూది కూరిన నక్షత్రం అలా కాదు. కిందపడితే పగలదు. పసివాళ్లు పీకి నలిపినా మళ్లీ కొమ్మకి కట్టొచ్చు. వెనకవైపు ఏ ఏడు చేసిందో అంకెలు కుట్టించుకుంటే, పిల్లలు పెద్దవాళ్లయ్యాక తమ వాటా కింద అడిగి తీసుకుపోతారు. కొన్నేళ్లుగా డిసెంబరు వస్తే నేను చేసే పని ఇదే, ఎంబ్రాయిడరీ మిషను మీద.

వర్క్ బ్లౌజులు కుట్టే షాపుల్లోని బోలెడు సూదుల పెద్ద యంత్రం కాదిది. ఒకే సూదితో బల్ల మీద పట్టేది. ఫ్రేము నాలుగంగుళాలకి నాలుగంగుళాలు. డిజైను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెడితే రంగు మార్చాల్సిన ప్రతిసారీ ఆగి మన కోసం చూస్తుంది.

పని వరస నాకు చాలా ఇష్టం. ముందు ఫ్రేములో కాన్వాసు ఒక్కటే బిగిస్తాం. దాని మీద మిషను నక్షత్రం ఆకారాన్ని పలచటి కుట్టుతో గీసి ఆగుతుంది. గుడ్డ ఎక్కడ పరచాలో ఆ గీత చెబుతుంది. పరిచాక అంచు వెంట కుట్టి గుడ్డని కదలకుండా పట్టేస్తుంది. తర్వాత పువ్వో, ముగ్గో, పేరో. అది పూర్తయ్యాక రిబ్బను ఉచ్చుని లోపలివైపుకి తిప్పి టేపుతో అంటించి, దాని మీద వెనక గుడ్డని బోర్లా పరుస్తాం. ఆఖరి కుట్టు నక్షత్రం చుట్టూ తిరిగి వచ్చి, ఒక పక్క అంగుళంన్నర మేర వదిలేసి ఆగిపోతుంది. బొమ్మ కుట్టడమైతే అయింది కానీ అంతా తిరగబడి ఉంది. మంచి వైపు లోపల, చెడ్డ వైపు బయట. మిషనుకి ఇక పని లేదు. వదిలిన ఆ అంగుళంన్నర నుంచి మిగతాదంతా చేతిదే.

ఫ్రేములోంచి తీసి కుట్టుకి పావంగుళం అవతలగా కత్తిరించాలి. వదిలిన చోట మాత్రం ఇంకొంచెం ఎక్కువ గుడ్డ ఉంచాలి, లేకపోతే చివర్లో లోపలికి మడవడానికి ఏమీ మిగలదు. నక్షత్రంలో లోపలికి వంగిన మూలలు ఐదుంటాయి. ఆ ప్రతి మూలా కుట్టు దాకా గాటు పెట్టాలి, కుట్టు మాత్రం తెగకూడదు. మా తోడికోడలి కూతురు నేర్చుకోవడానికి వస్తూ ఉంటుంది. మొదటి నక్షత్రం తిరగేసి, "పెద్దమ్మా, సంది దగ్గర ముడతలు పోవట్లేదేంటి?" అంది. గాటు కుట్టుకి రెండు పోగుల దూరంలో ఆగిపోయింది. మళ్లీ తిరగేసి ఆ రెండు పోగులూ తెంపితే ముడత పోయింది. కొనలది ఇంకో సంగతి. మరీ వాడిగా ఉన్న కొన తిరగేస్తే లోపల గుడ్డ ఇరుక్కుని మొద్దుబారుతుంది. అందుకని డిజైనులోనే కొనని కాస్త గుండ్రంగా పెట్టుకోవాలి. తిరగేశాక అదే ముచ్చటగా ఉంటుంది.

గుడ్డ విషయంలో నా మాట మంగళగిరి నూలుకే. నేత ఒత్తుగా, సాఫీగా ఉంటుంది, గాటు దగ్గర పోగులు త్వరగా ఊడవు. పాత పట్టుచీర ముక్కలు అందంగా ఉంటాయి కానీ మడతల దగ్గర చిరుగుతాయి. వెనక పలచటి ఫ్యూజింగ్ అంటిస్తే నిలుస్తాయి. ఇక్కత్ మీద ఎంబ్రాయిడరీ వద్దంటాను. దాని రంగులే దానికి చాలు, పైన కుట్టిన పువ్వు కనపడదు. డిజైను కూడా నిండా కుట్టుతో నింపేది ఎంచుకోకూడదు. దారం ఎంత దట్టంగా పడితే గుడ్డ అంత బిరుసెక్కుతుంది, ఇక ఎంత దూది కూరినా ఉబ్బదు. గీతలతో తేలిపోయే డిజైనైతే దూది దాన్ని కింద నుంచి లేపుతుంది.

కూరడం తొందరపడి చేసే పని కాదు. ముందు కొనలకి, చిటికెడు చిటికెడుగా. మొద్దుగా ఉన్న పెన్సిలు వెనక భాగం ఇందుకు బాగా పనికొస్తుంది. పెద్ద ముద్ద ఒకేసారి తోస్తే నడుమ గడ్డకట్టి కొనలు ఖాళీగా వాలిపోతాయి. పరుపుల్లో, దిండ్లలో వాడే బూరుగుదూది కూడా కూరి చూశాను. మెత్తదనంలో దానికి సాటి లేదు. కానీ ఆ పోగు నున్నన, పొట్టి. నూలు వడకడానికి కూడా ఒక పట్టాన లొంగదు. గదంతా ఎగిరి ముక్కులోకి పోతుంది, బొమ్మ తడిస్తే ఉండకడుతుంది. పిల్లల చేతికొచ్చే వాటికి ఉతకడానికి వీలైన పాలిస్టర్ ఫైబరే మేలు. పసివాళ్లున్న ఇంటికి ఇచ్చేవాటికి పూసలు, గుండీలు కుట్టవద్దు. కళ్లు కావాలంటే దారంతోనే.

ఆఖరున వదిలిన చోటు మూయాలి. అంచులు లోపలికి మడిచి, ఈ మడతలో ఒక కుట్టు, ఆ మడతలో ఒక కుట్టు, నిచ్చెన మెట్లలా వేసుకుంటూ వెళ్లి దారం లాగితే రెండంచులూ దగ్గరికొచ్చి దారం లోపలికి వెళ్లిపోతుంది. మిషను కుట్టిన వారకీ చేత్తో మూసిన వారకీ తేడా తెలియకూడదు. ఈ పనిలో నేర్పంతా అక్కడే ఉంది.

మిషనూ చేతి నేర్పూ కలిసిన పని అంటే నాకు ఒకావిడ గుర్తొస్తారు. జర్మనీలో గియెంగెన్ అనే ఊళ్లో మార్గరెటె స్టైఫ్ అనే దర్జీ ఉండేవారు. పసితనంలోనే పోలియో వచ్చి నడక పోయింది, కుడి చెయ్యి సరిగా ఆడేది కాదు. కుట్టుమిషను చక్రం కుడి పక్కనుంటుంది కనక ఆవిడ మిషనునే వెనక్కి తిప్పి పెట్టుకుని ఎడమ చేత్తో చక్రం తిప్పేవారు. 1880లో ఫెల్టుగుడ్డతో చిన్న ఏనుగుని కుట్టారు, సూదులు గుచ్చుకోవడానికి. పిల్లలు దాంతో ఆడుకోవడం మొదలెట్టారు. స్టైఫ్ బొమ్మల కంపెనీకి మొదలు ఆ ఏనుగే. మిషను ఉంది కదా, ఆవిడ చేసిందేముందని ఎవరం అనగలం?

మన దగ్గర మాత్రం రోజూ అంటున్నాం. ఇలాంటి బొమ్మలు అమ్మకానికి పెట్టిన ప్రతి చోటా ఆ మాట వింటాను: "మిషనేగా కుట్టింది, ఇంత ధరేంటండీ?" నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంటిపట్టున గంటల తరబడి చేసే ఆ పనిని గృహిణుల ఖాళీ సమయపు వ్యాపకంగా చూశారనీ, కూలి అంత తక్కువగా ఉండడానికి ఆ చూపే ఊతమైందనీ, వాళ్లల్లిన లేసు మాత్రం విదేశీ మార్కెట్లకి వెళ్లేదనీ అందులో చూపించారు. అప్పుడు పని విలువ తగ్గించడానికి ఖాళీ సమయం అన్న మాట పనికొచ్చింది. ఇప్పుడు మిషను అన్న మాట పనికొస్తోంది. నక్షత్రం ఒకటి మిషను మీద ఉండేది కాసేపే. కత్తిరించి, గాట్లు పెట్టి, తిరగేసి, కూరి, మూసేసరికి అంతకు రెట్టింపు సేపు చేతుల్లో ఉంటుంది.

ఈ డిసెంబరులో చర్చి ఆవరణలోనో, మీ అపార్ట్‌మెంటు కిందో ఎవరైనా గుడ్డ బొమ్మలు పెట్టుకుని కూర్చుంటే ఒకటి చేతిలోకి తీసుకోండి. కొనల దాకా దూది ఉందో లేదో నొక్కి చూడండి. అంచంతా తిప్పి, చేత్తో మూసిన చోటు ఎక్కడుందో వెతకండి. అది మీకు దొరక్కపోతే బేరమాడకుండా అడిగినంత ఇవ్వండి.