బ్రాంకోస్కోపీలో మత్తు: పోలికలు దేన్ని కొలుస్తున్నాయి?

అన్నం తింటుండగా ఒక్క మెతుకు దారి తప్పితే చాలు, మనకు పొలమారుతుంది. కళ్ళనిండా నీళ్ళు తిరుగుతాయి, దగ్గు ఆగదు. ఎవరో తలుచుకుంటున్నారని పెద్దవాళ్ళు నెత్తిమీద తడతారు. నిజానికి అది శ్వాసనాళానికి ఉన్న కాపలా. లోపలికి గాలి తప్ప మరేదీ రాకూడదన్నది దాని నియమం. మరి దాదాపు అర సెంటీమీటరు మందమున్న గొట్టాన్ని ముక్కులోంచో నోట్లోంచో ఆ దారిలోకే పంపి, కొన్ని నిమిషాలపాటు అటూ ఇటూ తిప్పి చూడాలంటే? బ్రాంకోస్కోపీలో జరిగేది ఇదే. ఊపిరితిత్తుల్లో కేన్సర్ ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు, కళ్ళె పరీక్షలో క్షయ తేలనప్పుడు డాక్టర్లు ఈ పరీక్షను ఆశ్రయిస్తారు.

ఆ కాపలాను కాసేపు నిద్రపుచ్చడం ఎలా అన్న ప్రశ్న ఈ పరీక్షతోపాటే పుట్టింది. 1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్తావ్ కిలియన్ ఒక రైతు కుడి శ్వాసనాళంలో ఇరుక్కున్న ఎముక ముక్కను లోహపు గొట్టంతో తీశాడు. అప్పుడు గొంతును మొద్దుబార్చింది కొకెయిన్. 1966లో జపాన్ వైద్యుడు షిగెటో ఇకెడా గాజు నూలు పోగులతో చేసిన, వంగే బ్రాంకోస్కోప్‌ను ప్రపంచానికి చూపాడు. దాంతో రోగిని పూర్తిగా నిద్రపుచ్చవలసిన అవసరం తప్పింది. అలాగని రోగి బాధ తప్పలేదు.

మూడు దారులు

ఈనాడు ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది లిగ్నోకెయిన్‌తో గొంతును, శ్వాసనాళాన్ని మొద్దుబార్చి, రోగి మెలకువగా ఉండగానే పరీక్ష చేయడం. రెండవది లిగ్నోకెయిన్‌కు తోడు నరంలోకి మిడజొలామ్ వంటి మందు ఇచ్చి మగత కలిగించడం. అవసరమైతే దీనికి ఫెంటనిల్ కలుపుతారు, అది దగ్గును కూడా అణచుతుంది. మూడవది ప్రొపొఫాల్‌తో మరికొంత లోతైన మత్తు. ఇది త్వరగా పట్టి త్వరగా వదులుతుంది. కానీ మోతాదు కాస్త మించితే శ్వాస మందగిస్తుంది, రక్తపోటు పడిపోతుంది. మిడజొలామ్‌కు ఫ్లూమజెనిల్, ఫెంటనిల్‌కు నలోక్సోన్ విరుగుడుగా ఉన్నాయి. ప్రొపొఫాల్‌కు విరుగుడు లేదు. అందుకే పక్కన మత్తు వైద్యంలో శిక్షణ పొందినవారు ఉండాలంటారు. శ్వాసను పెద్దగా అణచని డెక్స్‌మెడిటోమిడిన్ కూడా వాడుకలోకి వచ్చింది. అయితే అది నాడి వేగాన్ని తగ్గిస్తుంది.

వీటిలో ఏది మేలో తేల్చడానికి చాలా పరిశోధనలు జరిగాయి. బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2013లో, అభ్యంతరాలేవీ లేని రోగులకు నరం ద్వారా మత్తు ఇవ్వజూపాలని సూచించింది. మిడజొలామ్‌ను ముందుకు తెచ్చింది. ఆ సూచనతో నాకు పేచీ లేదు. పేచీ అంతా పోలికల్లో ‘విజయం’ అనే మాటను వాడుతున్న తీరుతోనే.

విజయం అంటే ఏమిటి?

2019లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన తీసుకుందాం. రెమిమజొలామ్ అనే కొత్త మందును 446 మంది బ్రాంకోస్కోపీ రోగులతో పరీక్షించారు. మిడజొలామ్‌కు దగ్గరి చుట్టమే అయిన ఈ మందు ఒంట్లోని ఎంజైముల వల్ల చాలా వేగంగా విరిగిపోతుంది. ఫలితాలు చూడండి. రెమిమజొలామ్‌తో 80.6 శాతం విజయం, మిడజొలామ్‌తో 32.9 శాతం, ఉత్తుత్తి మందుతో 4.8 శాతం. అంకెలు చూస్తే ఇక వాదన అనవసరం అనిపిస్తుంది. మరుసటి ఏడాది, 2020లో, అమెరికా ప్రభుత్వం ఈ మందును అనుమతించింది కూడా.

ఇప్పుడు నిబంధనలు చదువుదాం. పరీక్ష పూర్తి కావాలి, మధ్యలో వేరే మత్తుమందు అవసరం పడకూడదు, ఇచ్చిన మోతాదుల సంఖ్య హద్దు దాటకూడదు. ఈ మూడూ కలిస్తేనే విజయం. ఆ హద్దు రెమిమజొలామ్‌కు 15 నిమిషాల్లో 5 మోతాదులు, మిడజొలామ్‌కు 12 నిమిషాల్లో 3 మోతాదులు. అంటే ఇద్దరు విద్యార్థులకు రెండు వేర్వేరు స్కేళ్ళిచ్చి ఒకే గీతను కొలవమన్నట్టు. మందుల మోతాదులు వేరు కాబట్టి హద్దులూ వేరన్న సమాధానం ఉంది. కానీ అప్పుడు 80నీ 32నీ పక్కపక్కన పెట్టేముందు ఆ తేడా చెప్పాలి. పైగా మిడజొలామ్ ఇస్తున్నామని డాక్టర్లకు ముందే తెలుసు. ఆ మందును రూపొందించిన సంస్థే ఈ పరిశోధనకు ఖర్చు భరించింది.

ఇంకొక నిబంధన మరీ ముఖ్యం. మత్తును 5 నుంచి 0 వరకు మెట్లుగా కొలిచారు. పూర్తి మెలకువ 5. పేరు పెట్టి గట్టిగానో పదేపదేనో పిలిస్తేనే పలికే స్థితి 3. రోగి మూడో మెట్టుకో అంతకన్నా కిందికో దిగితేనే గొట్టం లోపలికి పంపాలన్నారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాడు ఆ మెట్టుకు దిగడం కష్టమే కదా! అతనికి వేరే మత్తు ఇవ్వక తప్పదు, ఇస్తే అది ‘వైఫల్యం’. కాబట్టి 4.8 శాతం అన్న అంకె, మత్తు లేకుండా ఎంతమంది ఈ పరీక్షను తట్టుకోగలరో చెప్పదు. నిబంధన చెప్పవలసినదాన్నే అంకె తిరిగి చెబుతోంది. ఈ పరిశోధన నిజంగా చూపినది వేరే ఉంది. పరీక్ష ముగిశాక పూర్తి మెలకువ రావడానికి పట్టిన మధ్యస్థ కాలం రెమిమజొలామ్‌తో 6 నిమిషాలు, మిడజొలామ్‌తో 12 నిమిషాలు. ఉపయోగకరమైన విషయమే. కానీ దాన్ని ‘రోగికి బాధ తగ్గింది’ అని చదవకూడదు.

మరుపు, హాయి ఒకటేనా?

రోగినే అడిగితే సరిపోతుంది కదా అనవచ్చు. ఇక్కడొక చిక్కుంది. మిడజొలామ్ జాతి మందులు జ్ఞాపకాన్ని చెరిపేస్తాయి. పరీక్ష జరుగుతున్నంతసేపూ దగ్గి, గింజుకున్న మనిషి కూడా సాయంత్రానికి ‘నాకేమీ తెలియలేదు, మళ్ళీ రమ్మన్నా వస్తాను’ అనవచ్చు. అతను అబద్ధం చెప్పడం లేదు, సాక్షి నిద్రపోయాడంతే. మరుపు తక్కువ విషయమని కాదు. మొదటిసారి భయపడినవాడు రెండోసారి పరీక్షకు రాకపోతే కేన్సర్ గుర్తింపు ఆలస్యమవుతుంది. కానీ పరీక్షవేళ పడిన బాధను, తర్వాత మిగిలిన జ్ఞాపకాన్ని వేర్వేరుగా నమోదు చేయాలి. రెంటినీ కలిపి ‘సంతృప్తి’ అనే ఒక్క గడిలో వేస్తే, మరుపు కలిగించే మందే ఎప్పుడూ గెలుస్తుంది.

డాక్టరు సంతృప్తి కూడా కొలతల్లో చేరుతుంటుంది. రోగి కదలకపోతే డాక్టరుకు పని సులువు. ఆ సులువు అవసరమే, కానీ అది రోగి సుఖానికి మారుపేరు కాదు.

కనిపించని ప్రమాదం

‘ఎవరికీ హాని జరగలేదు’ అన్న వాక్యాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. గణాంక శాస్త్రంలో ‘మూడు సూత్రం’ అని ఒకటుంది. 300 మందిలో ఒక్కరికీ హాని జరగకపోయినా, అసలు ప్రమాదం 300లో 3 వరకు, అంటే నూటికి ఒకటి వరకు ఉండే వీలుందని 95 శాతం విశ్వాసంతో చెప్పగలం. కొన్ని వందలమందిపై చేసిన పోలిక వేలల్లో ఒకరికి జరిగే కీడును పట్టుకోలేదు. దానికి ఆస్పత్రులు ఏళ్ళ తరబడి నిజాయితీగా రాసిపెట్టిన లెక్కలు కావాలి.

అలాగని మత్తు ఇవ్వకపోతే ప్రమాదమే లేదనుకోవద్దు. 1996లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధనకు స్వచ్ఛందంగా వచ్చిన 19 ఏళ్ళ విద్యార్థిని బ్రాంకోస్కోపీ తర్వాత మరణించింది. కారణం మత్తుమందు కాదు, గొంతులో చల్లిన లిగ్నోకెయిన్ మితిమీరడం. రోగం లేని మనిషి, మామూలు మందు. కొలత తప్పింది.

మన దగ్గరి పాఠం

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థ వైద్యులు 1,050 మందిపై చేసిన పరిశోధన 2020లో వెలువడింది. లిగ్నోకెయిన్‌ను ఆవిరిలా పీల్పించడం, గొంతులో స్ప్రే చేయడం, రెండూ కలపడం, ఈ మూటినీ పోల్చారు. దగ్గు తీవ్రతను ముందుగా రోగినే అడిగి, దాన్నే ప్రధాన కొలతగా పెట్టుకున్నారు. ఒక్క స్ప్రేయే మెరుగని తేలింది, మందూ తక్కువే పట్టింది. ఖరీదైన మందు ప్రసక్తి లేదు. అడిగిన ప్రశ్న సూటిగా ఉంది, జవాబూ అలాగే వచ్చింది.

మన ఆస్పత్రుల్లో చాలాచోట్ల మత్తు వైద్యులు కొరత. మత్తు ఇస్తే ఆక్సిజన్‌ను కొలిచే పల్స్ ఆక్సీమీటరు, కోలుకునేదాకా పడుకోవడానికి మంచం, ఇంటికి తీసుకెళ్ళే తోడు మనిషి కావాలి. పల్లె నుంచి ఒంటరిగా బస్సెక్కి వచ్చిన రోగికి 6 నిమిషాల్లో మెలకువ రావడం పెద్ద సాయమే కావచ్చు. లేదా మత్తే వద్దని అతనే అనవచ్చు. అమెరికా పోలికలు ఈ రోగి తరఫున జవాబు చెప్పవు. మనం చేయవలసిన పోలికలు అవి.

అందాకా ఒక పని చేయవచ్చు. పరీక్షకు ముందు దారులేమిటో, ఒక్కొక్కదానితో లాభమేమిటో, ముప్పేమిటో రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పి, అతని ఇష్టం అడగవచ్చు. ‘కొంచెం ఓర్చుకో’ అన్న మాట మత్తుకు ప్రత్యామ్నాయం కాదు. డాక్టరు పని సులువవుతుందని ఇచ్చే మత్తు రోగికి ఉపకారమూ కాదు. ఏ మందు గెలిచిందని వార్త వచ్చినా, విద్యార్థులు ముందుగా అడగవలసినది ఇదే: ఆ పందెం నిబంధనలు ఎవరు రాశారు, గెలుపును ఎవరి వైపు నుంచి కొలిచారు?