చేతిపనికి విమర్శ

కావ్యములో యతి తప్పినచో విమర్శకుడు పట్టుకొనును. చీరలో పోగు తప్పినచో మనము ధర తగ్గింప నడుగుదుమే కాని, ఆ నేతలోని ఊహ యెట్టిదని విచారింపము. చీర, కుండ, నగ అనునవి మన దృష్టికి బేరమాడదగిన సరుకులు. విమర్శింపదగిన కృతులు కావు. ప్రాచీనుల కీ భేదము లేదు. ఐతరేయ బ్రాహ్మణము వస్త్రమును, బంగారమును, కంచును శిల్పములలోనే చేర్చినది. వానిని కులవృత్తులని క్రిందబెట్టినది తరువాతి బుద్ధి.

చేతిపనిని విమర్శింపవలెనన్న ముందుగా పని నడచు తీరు తెలియవలెను. పుట్టపాక తేలియా రుమాలును జూడుడు. నూలును ఆముదపు కాయల బూడిద నీటిలోను, నూనెలోను పలుమారులు నానవేసి, పడుగును పేకను రెంటిని ముందుగనే కట్లుగట్టి రంగులో ముంచి, ఆపైన మగ్గమున కెక్కింతురు. రెండు దారముల రంగులు కలిసినచోట బొమ్మ పుట్టును. దాని అంచు కొంచెము చెదరియుండుట లోపము కాదు; రంగు కట్టుక్రిందికి పాకిన జాడ అది. అచ్చువేసిన గుడ్డపై గీత తిన్నగానే యుండును. దానిని తిరగవేసి చూచినచో వెనుక వైపు వెలవెలబోవును.

తక్కిన పనులలోను ఇట్టి మర్మములే కలవు. కరీంనగరు వెండి తీగపనిలో తీగ యెంత ముఖ్యమో, తీగల నడుమ విడిచిన ఖాళీయు నంత ముఖ్యము. మా జుక్కలునకు దక్షిణమున నున్న బీదరులో జింకు, రాగి కలిపిన పాత్రపై వెండిని తాపి, పాతకోట మట్టితో నలుపు తెప్పింతురు. నలుపు లోహమున కెక్కును, వెండికి అంటదు. కుమ్మరి కాల్చిన కుండ గోడలోని సన్నని రంధ్రములనుండి నీరు ఊరి ఆరిపోవుటచేత లోపలి నీరు చల్లబడును. పింగాణివలె మెరుగుపూత పూసినచో కుండ నిగనిగలాడును గాని నీరు చల్లబడదు. ఉపయోగమును పోగొట్టిన సొగసు దోషమే.

ఈ కొలతతోనే నేటి పనిని జూడవలెను. పుట్టపాక నేతకు గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ పొందుట న్యాయమైన గౌరవము. అయితే ప్రదర్శనలకై నేయు చీరలలో బొమ్మపై బొమ్మ కిక్కిరియుట మెచ్చదగినది కాదు. ఎరుపు, నలుపు, తెలుపు మూడు వన్నెలతో సరిపెట్టుకొన్న పాత రుమాలు నిగ్రహము వానిలో గానరాదు. కష్టమెక్కువైనంత మాత్రమున కళ యెక్కువ కాదు.

ఇక పేరు మాట. 1925లో జపానుదేశమున యనగి సోయెత్సు మిత్రులతో గూడి సామాన్యుల చేతిపనికి ‘మింగెయి’ యని పేరుపెట్టి, పేరులేని పనివాని వినయమును కొనియాడెను. ఆ మాట మన దేశమునకు యథాతథముగా పనికిరాదు. మన పనివారు పేరును త్యజింపలేదు. వారి పేరు మనము అడుగలేదు. అందులోను స్త్రీల పేరు మరియు అడుగలేదు. చిటికి చీరకు కట్లుగట్టుటకు ముందు దారమును ఆసు మేకులచుట్టు వేలమారులు చేయి త్రిప్పి చుట్టవలెను. ఆ పని ఇంటి ఆడువారిది. భుజముల నొప్పియు వారిదే. చింతకింది మల్లేశము తల్లి బాధను జూచి 1999లో ఆసు యంత్రమును నిర్మించి, దానికి ఆమె పేరు లక్ష్మి యని పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చెను. బిరుదు పత్రములలో కనబడని స్త్రీల శ్రమకు ఆ యంత్రము పేరొక సాక్ష్యము.

యంత్రము చేరిన చేతిపని చెడునని కొందరందురు. ఆసు చుట్టుటలో ఊహ లేదు, నొప్పి మాత్రమే కలదు. దానిని యంత్రమునకు విడుచుట మేలు. ఎచ్చట కట్టు కట్టవలెనో, ఏ రంగు ముందో నిర్ణయించుటలో ఊహ కలదు, అది చేతిది. ఈ వివేకము లేనివాడు శ్రమను పూజించును గాని కళను గుర్తింపడు.

కనుక పెండ్లికి చీర కొనునపుడు గృహిణులు ధరతోబాటు మరి రెండు మాటలడుగవలెను: దీనికి కట్లుగట్టినవారెవరు? ఆసు చుట్టినవారెవరు? జవాబు చెప్పలేని వర్తకునితో బేరము తొందరపడి ముగింపకుడు.