నిర్ణయం లేని పరిశోధన: ‘హాలీవుడ్‌ల్యాండ్’ చిత్రంలో మరణం, అనుమానం, ఔచిత్యం

1959 జూన్ 16వ తేదీ తెల్లవారకముందే లాస్ ఏంజిలిస్‌లోని బెనడిక్ట్ కాన్యన్ ప్రాంతంలో ఒక ఇంటి మేడగదిలో నటుడు జార్జ్ రీవ్స్ తలకు తుపాకి గుండు తగిలి మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 45 సంవత్సరాలు. ఆయన వివాహమాడదలచిన లెనోర్ లెమ్మన్, కొందరు అతిథులు ఆ సమయంలో కింది అంతస్తులో ఉన్నారు. పోలీసులకు కబురు ఆలస్యంగా వెళ్ళింది. తుపాకిమీద వేలిముద్రలు దొరకలేదు. పడకగది నేలలో వేరే గుండు రంధ్రాలు బయటపడ్డాయి. అధికారులు ఆత్మహత్యగా తేల్చారు. తల్లి హెలెన్ బెస్సోలో ఆ మాట నమ్మలేదు. ప్రసిద్ధ న్యాయవాది జెర్రీ గీస్లర్‌ను ఆశ్రయించి మరల విచారణ జరిపించింది, ఫలితం మారలేదు. నాటినుండి నేటివరకు ఈ మరణం గురించి పుట్టిన ఊహలకు లెక్కలేదు.

ఈ ఉదంతాన్ని ఇతివృత్తంగా గ్రహించి అలెన్ కౌల్టర్ 2006లో ‘హాలీవుడ్‌ల్యాండ్’ చిత్రాన్ని నిర్మాణబద్ధం చేశాడు. రచన పాల్ బెర్న్‌బామ్‌ది. బెన్ ఆఫ్లెక్ రీవ్స్‌గా నటించి ఆ సంవత్సరం వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్నాడు. కౌల్టర్ అంతకుముందు టెలివిజన్‌లో పేరు తెచ్చుకున్నవాడు, ఇది ఆయన తొలి చలనచిత్రం. టెలివిజన్‌కు దిగిపోవడమే పతనంగా భావించి కుంగిపోయిన నటుడి కథను టెలివిజన్‌నుండి సినిమాకు ఎదిగివచ్చిన దర్శకుడు చెప్పడం యాదృచ్ఛికమే అయినా, చిన్న తెరను గురించిన సన్నివేశాలలో కనిపించే నిశిత పరిజ్ఞానానికి అదొక కారణం కావచ్చు.

కథనం రెండు కాలాలలో నడుస్తుంది. ఒకటి 1959లో లూయిస్ సీమో అనే ప్రైవేటు డిటెక్టివ్ (ఆడ్రియన్ బ్రోడీ) సాగించే పరిశోధన. రెండవది 1951నుండి రీవ్స్ జీవితం: ఎమ్.జి.ఎమ్. సంస్థలో అధికారం చెలాయించిన ఎడ్డీ మానిక్స్ భార్య టోనీతో సంబంధం, ఆమె కొనిచ్చిన ఇల్లు, ‘సూపర్‌మ్యాన్’ వేషం, తర్వాత లెమ్మన్‌తో పరిచయం. సీమో కల్పిత పాత్ర. రీవ్స్, మానిక్స్ దంపతులు, లెమ్మన్, హెలెన్ వాస్తవ వ్యక్తులు. ధనంజయుడు ‘దశరూపకం’లో చెప్పిన ప్రఖ్యాత, ఉత్పాద్య, మిశ్ర భేదాలలో ఇది మూడవదానికి చెందుతుంది. మిశ్రేతివృత్తంలో కల్పనకు చోటుంది, దానిని ఎవరూ కాదనరు. అయితే ఆ కల్పన ఎవరిమీద ఏ భారం మోపుతున్నదన్న ప్రశ్నను ఈ చిత్రంపై వచ్చిన చర్చ తగినంతగా పట్టించుకోలేదు.

చిత్రం రీవ్స్ మరణాన్ని మూడు విధాలుగా చూపుతుంది. మొదటిసారి లెమ్మన్‌తో జరిగిన పెనుగులాటలో తుపాకి పేలుతుంది. రెండవసారి మానిక్స్ పంపిన మనిషి వచ్చి చంపుతాడు. మూడవసారి రీవ్స్ తానే ప్రాణం తీసుకుంటాడు. నాయకుడి మరణాన్ని రంగంమీద చూపరాదని నియమించిన సంప్రదాయంలో పెరిగిన పాఠకుడికి ఒకే మరణాన్ని ముమ్మారు చూపడం విడ్డూరంగానే తోస్తుంది. ఈ పద్ధతిని చూడగానే కురొసావా ‘రషోమాన్’ (1950) స్ఫురిస్తుంది. ఆ పోలిక పైపైనే సరిపోతుంది. ‘రషోమాన్’లో ప్రతి కథనానికి ఒక వక్త ఉన్నాడు, ఆ వక్తకు ఒక స్వార్థం ఉంది. అబద్ధమైనా అది ఒకరి నోటినుండి వచ్చిన సాక్ష్యం, కనుక అతని స్వభావానికి అది ప్రమాణమవుతుంది. ‘హాలీవుడ్‌ల్యాండ్’లోని మూడు మరణాలకు సాక్షి లేడు. లెమ్మన్ నేరం ఒప్పుకోలేదు, మానిక్స్ నోరు విప్పలేదు. మూడూ పరిశోధకుడి ఆలోచనలో రూపుదిద్దుకున్న ఊహలు. అందువల్ల అవి అనుమానితుల స్వభావాన్ని కాక అనుమానించేవాడి స్థితిని తెలుపుతాయి. సీమోకు డబ్బూ పత్రికలలో పేరూ కావలసినప్పుడు హత్య కనిపిస్తుంది. అతడు అలసి, తన జీవితపు వైఫల్యాన్ని చూసుకున్నప్పుడు ఆత్మహత్య కనిపిస్తుంది.

ఈ సూక్ష్మతను దర్శకుడు గ్రహించాడనడానికి ఉపకథే నిదర్శనం. సీమో దగ్గరకు చెస్టర్ సింక్లెయిర్ అనే భర్త వస్తాడు. భార్య శీలంమీద అతడికి అనుమానం. సీమో ఆ అనుమానాన్ని తీర్చడు, రోజుకూలి కోసం సాగదీస్తాడు. చివరకు సింక్లెయిర్ భార్యను చంపుతాడు. చాలామంది సమీక్షకులకు ఈ భాగం ప్రధాన కథకు అతుకుగా కనిపించవచ్చు. నిజానికి చిత్రానికి నైతిక కేంద్రం ఇక్కడే ఉంది. అనుమానం అమ్ముడుపోయే సరుకు. దానిని ఆరనీయకుండా ఉంచడమే వృత్తిగా పెట్టుకున్నవాడు ఒక ప్రాణం పోవడానికి కారణమయ్యాడు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ మొదలుగా తెలుగు పాఠకులెరిగిన డిటెక్టివులకు పరిశోధన అనగా మబ్బు విడిపోయి వెలుగు రావడం. సీమో పరిశోధనలో వెలుగు రాదు, పైగా అది మరొక శవాన్ని మిగులుస్తుంది.

అయితే సీమోకు వేసిన శిక్ష చిత్రానికి వర్తించదా? అదే ఔచిత్య ప్రశ్న. ఇతివృత్తంలో నాయకుడికి అనుచితమైనదీ రసానికి విరుద్ధమైనదీ ఉంటే వదలవచ్చు, లేదా మార్చవచ్చునని దశరూపకకారుడు అనుమతించాడు. ఆ అనుమతి కీర్తిని కాపాడడానికి ఉద్దేశించినది. వేరొకరికి లేని నేరం అంటగట్టడానికి శాస్త్రం ఎక్కడా వీలు కల్పించలేదు. ఎడ్డీ మానిక్స్ 1963లో, టోనీ 1983లో మరణించారు. లెమ్మన్ కూడా చిత్రం రాకముందే పోయింది. వారు జవాబు చెప్పలేరు. మూడింటిలో ఏదీ నిజమని చిత్రం చెప్పలేదు గనుక ఎవరికీ అపకారం జరగలేదని సమర్థించవచ్చు. కాని దృశ్యానికి షరతులు అంటవు. వాక్యంలో ‘ఒకవేళ’ అన్న మాట ఉంటుంది, తెరమీద తుపాకి పేలినప్పుడు ఆ మాట వినపడదు. ప్రేక్షకుడు మానిక్స్‌ను హంతకుడిగా చూస్తాడు, తర్వాత కాదనుకుంటాడు. చూసినది మాత్రం మిగిలిపోతుంది. బాబ్ హాస్కిన్స్ మానిక్స్‌ను కేవలం దుష్టుడిగా కాక భార్యపట్ల వింతైన మమకారం గలవాడిగా అభినయించడం ఈ దోషాన్ని కొంత తగ్గించింది.

ఇంతకన్నా తీవ్రమైన లోపం మరొకచోట ఉంది, అది సులభంగా కంటబడదు. ‘ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ’ (1953) చిత్రంలో రీవ్స్ ఒక చిన్న పాత్ర ధరించాడు. విడుదలకు ముందు చేసిన ప్రదర్శనలో ప్రేక్షకులు ఆయనను చూసి సూపర్‌మ్యాన్ అని గేలి చేశారనీ, అందువల్ల ఆయన దృశ్యాలు కత్తిరించారనీ లోకంలో ఒక కథ ఉంది. దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమన్ దీనిని ఖండించాడు. ‘హాలీవుడ్‌ల్యాండ్’ మాత్రం ఆ గేలిని నిస్సందేహమైన సంఘటనగా చూపింది. మరణాన్ని మూడు రకాలుగా చూపిన చిత్రం అవమానాన్ని ఒకే రకంగా చూపింది. దీని ఫలితం చిన్నది కాదు. ఆ అవమానం నిజమైతేనే మూడవ మరణానికి బలం వస్తుంది. అంటే తీర్పు ఇవ్వనని చెప్పిన కథనం, తీర్పుకు ఆధారమైన సాక్ష్యాన్ని ముందే ప్రవేశపెట్టింది. మూడు ఊహలలో ఆత్మహత్యను చివర ఉంచడం కూడా అటువంటిదే, పరిశోధక కథలో చివరిది సత్యమన్నది ప్రేక్షకుడి అలవాటు. అధికారిక నిర్ణయంతో ఏకీభవించడం తప్పు కాదు. ఏకీభవిస్తూ తటస్థంగా ఉన్నట్లు కనిపించడమే తప్పు.

చిత్రం సాధించినది వేషానికి సంబంధించిన విషయంలో. తెలుగులో ‘వేషం’ అనే మాటకు పాత్ర, దుస్తులు, నటన అన్నీ అర్థాలే. రీవ్స్ కథ ఈ అర్థాల మధ్య చిక్కుకున్న మనిషి కథ. 1952నుండి 1958వరకు 104 భాగాలుగా సాగిన ఆ ధారావాహిక తొలి రోజుల్లో నలుపు తెలుపులలో తీయబడింది. కెమెరాకు సరిపడేందుకు దుస్తులు బూడిద, గోధుమ రంగులలో కుట్టారు. లోకమంతా నీలం, ఎరుపు రంగులుగా ఊహించుకున్న వీరుడు దర్పణం ముందు మట్టిరంగు దుస్తులలో నిలబడిన దృశ్యం వేయి మాటల పెట్టు. పిల్లల మధ్యకు వచ్చినప్పుడు ఒక బాలుడు నిజమైన తుపాకి గురిపెట్టి, గుండు తగిలినా ఏమీ కాదు గదా అని నిలబడే ఘట్టంలో ఆ వేషం ప్రాణాంతకమవుతుంది. ఆఫ్లెక్ ముఖంలో చిరునవ్వు చెదరదు, కళ్ళలో మాత్రం భయం కదలాడుతుంది. చిత్రం మొత్తంలో ఇంతటి అభినయం మరొకచోట లేదు. అదే దశకంలో తెలుగుతెరపై ‘మాయాబజార్’ (1957)లో కృష్ణవేషం ధరించిన ఎన్.టి. రామారావుకు ఆ రూపమే జనహృదయంలో పీఠం వేసింది, ఆయన 1983లో ముఖ్యమంత్రి కావడంలోనూ దాని పాత్ర ఉంది. దేవతావేషం నటుడిని పెంచగా, పిల్లల బొమ్మల పుస్తకంనుండి వచ్చిన వేషం నటుడిని కుదించింది. వేషానికి సమాజం ఇచ్చే విలువలోనే తేడా ఉంది.

‘మహానటి’ (2018)తో పోల్చినప్పుడు మరొక భేదం తెలుస్తుంది. అక్కడ కూడా ఒక కల్పిత పరిశోధకురాలు, పాత్రికేయురాలు మధురవాణి, సావిత్రి కథను తవ్వుతుంది. అక్కడ కూడా ఆ తవ్వకం ఆమె సొంత జీవితాన్ని మారుస్తుంది. కాని మధురవాణి అన్వేషణ ఆరాధనలో ముగుస్తుంది, అనుమానానికి స్థానం తక్కువ. జెమినీ గణేశన్ చిత్రణపై ఆయన కుటుంబసభ్యులలో ఒకరు బహిరంగంగా అభ్యంతరం తెలిపారు. అంటే అక్కడ జవాబు చెప్పే గొంతు మిగిలి ఉంది.

శీర్షికను గురించి ఒక మాట. చిత్రానికి మొదట సూపర్‌మ్యాన్ ధారావాహికలో ప్రసిద్ధమైన నినాదాన్నే పేరుగా పెట్టదలచి, హక్కుల చిక్కువల్ల మార్చారు. కొత్త పేరు 1923లో ఇళ్ళస్థలాల ప్రకటనగా కొండమీద నిలిపిన అక్షరాలనుండి వచ్చింది. అందులోని చివరి భాగాన్ని 1949లో తొలగించారు. అంటే చిత్రకథ జరిగే కాలానికి ఆ పేరు కొండమీద లేదు. కాలశుద్ధిని పట్టించుకునేవారికి ఇది దోషం. ఆ అక్షరాలు స్థలాలు అమ్మడానికి పుట్టినవన్న సంగతి గుర్తున్నవారికి మాత్రం, లేని ఊరిని అమ్మే పేరు ఈ కథకు తగినట్లే ఉంటుంది.

చివరలో సీమో ఒక చిన్న ఫిల్ముచుట్టను చూస్తాడు. ఇంకా పని దొరుకుతుందేమోనన్న ఆశతో రీవ్స్ తన మల్లయుద్ధ నైపుణ్యం చూపుతూ పెరటిలో తీయించుకున్నది అది. సంగీతం లేదు, వేషం లేదు. బరువెక్కిన దేహం గడ్డిమీద దొర్లుతుంది, ఆయాసపడుతుంది, లేచి కెమెరావైపు చూస్తుంది. ఆ చూపులో ఎవరూ దోషి కాదు. రీవ్స్ మరణవార్త విని తన సూపర్‌మ్యాన్ దుస్తులు తగలబెట్టిన కొడుకు ఒకడు సీమోకు ఉన్నాడు. ఫిల్ము ముగిసిన తర్వాత అతడు వెళ్ళేది పోలీసు ఠాణాకు కాదు, ఆ పిల్లవాడి ఇంటికి.